పుట్టింటి రేవులో ఆగిన ఓడ

మొన్నామధ్య మా కోడలు పట్టుబట్టి ‘తండేల్’ సినిమా చూపించింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆ సినిమాని మీలో చాలామంది చూసే ఉంటారు. మన శ్రీకాకుళం జాలర్లు గుజరాత్ వెళ్లి, అక్కడి పడవల్లో వేటకి పోయి, 2018లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో బయటపడ్డారు కదా, ఆ కథకే రంగులద్దారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సాయిపల్లవి వేసిన సత్య నాకు నచ్చింది. మాట తప్పి వెళ్లినవాడి కోసం దీపం పెట్టుకుని కూర్చోదు. కోపం వచ్చి వేరే సంబంధానికి సరే అంటుంది. ఎదురుచూసే ఆడదానికి కోపం కూడా వస్తుందని మనవాళ్లకి ఇన్నాళ్లకి తట్టిందన్నమాట!

అయినా ఇంటికొచ్చాక ఏదో వెలితి. ఒడ్డు మీద ప్రేమ ఉంది, పరాయి దేశంలో జైలు ఉంది. ఒడ్డు కనుమరుగయ్యే ఆ మొదటి రోజులు మాత్రం నాకు కావలసినంత లేవు.

ఇది ఆ ఒక్క సినిమా లోపం కాదులెండి. మన వైపు నుంచి రంగం వెళ్లినవాళ్లు వేలకి వేలు. (రంగూన్ అని నాగరికంగా అనడం మా ఇళ్లలో ఎవరికీ అలవాటు లేదు.) కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపురం... ఈ రేవుల్లో ఆగి జనాన్ని ఎక్కించుకునేవి పొగ ఓడలు. 1942లో జపాను వాళ్లు రంగం పట్టుకునేదాకా ఆ రాకపోకలు సాగాయి. సోమరాజు రామానుజరావుగారు ‘రంగూన్ రౌడీ’ అని నాటకం రాస్తే జనం విరగబడి చూశారు. 1979లో అదే పేరుతో కృష్ణంరాజు సినిమా కూడా వచ్చింది. పేరుకి ఉన్న గిరాకీ అలాంటిది. కానీ డెక్కు మీద చాప పరుచుకున్న మనిషికి మొదటి రాత్రి నిద్ర పట్టిందో లేదో చెప్పిన తెలుగు పుస్తకం నా చేతికి ఒక్కటీ తగల్లేదు.

నేల మీద ప్రయాణానికైతే మనకి ఏనుగుల వీరాస్వామయ్యగారున్నారు. 1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి కాశీ వెళ్లి, తిరుగుదారిలో మన శ్రీకాకుళం మీదుగా 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరారు. మజిలీ మజిలీకీ నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, బస ఎక్కడ అని రాస్తూనే ఉంటారు. ఆ భాగాలు విసుగని పేజీలు తిప్పేసేవాళ్లని నేనెరుగుదును. నాకు ఆ పుస్తకంలో ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. సముద్రం మీద మజిలీలకి అలాంటి మనిషి మనకి దొరకలేదు. వెళ్లినవాళ్లలో నూటికి తొంభైమంది కూలీనాలీ జనం, కలం పట్టే తీరికెక్కడిది? ఆడవాళ్లా, వెళ్లిందే బహు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో మా అమ్మమ్మ ఒకర్తె. పుట్టిల్లు కళింగపట్నం, అత్తిల్లు విజయనగరం. తాతయ్య రంగంలో బియ్యం మిల్లు గుమస్తా. 1929లో కొత్త కోడల్ని ఎడ్లబండి మీద భీమిలి తీసుకెళ్లి ఓడెక్కించారు. ఓడ ఒడ్డుకి రాదు, దూరాన లంగరు వేసుకుంటుంది. తాళ్లతో కుట్టిన మసూలా పడవలో కెరటాల మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లాలి. వాంతులతో మొదటి పూట గడిచిపోయింది. ఓడ నీళ్లు ముట్టననుకుందిట. సాయంత్రానికి మడీ లేదు, గిడీ లేదు, గటగటా తాగేసింది.

మర్నాడు ఓడ ఆగింది. తలెత్తి చూస్తే కళింగపట్నం! దీపస్తంభం, కొబ్బరిచెట్లు, వంశధార కలిసేచోట ఎర్రనీళ్లు. సామాన్లెక్కేదాకా అరపూట అక్కడే ఉంది ఓడ. దిగడానికి వీల్లేదన్నారు. కొత్త జనంతో వచ్చిన పడవవాడు ఒక గుడ్డమూట అందించి, “మీయమ్మ ఒడ్డుకాడ నిలబడి ఉంది” అన్నాడుట. ఒడ్డున అందరూ చీమల్లా ఉన్నారు. అందులో అమ్మ ఎవరో తెలియలేదు. అరపూటా అందరివైపూ చూస్తూ కూర్చుంది.

ఈ అరపూట మన నవలల్లో ఎందుకు లేదని నేను సాహిత్యాన్ని నిలదీస్తున్నాను గాని, నేను మాత్రం ఏం తక్కువ? చిన్నప్పుడు అమ్మమ్మని అడిగిందల్లా రంగం నుంచి ఎంత బంగారం తెచ్చావనే. “సముద్రం ఎలా ఉంటుందే?” అని ఒక్కసారి అడిగితే, “ఏటుంటాదే గుంటా, నీల్లు. సుట్టూ నీల్లే” అంది. ఆ పక్కనే ఎప్పుడో వత్తులు చేసుకుంటూ పై సంగతంతా తనంతట తనే చెప్పింది. గోపాలపురం దాటి నేల పూర్తిగా కనుమరుగయ్యేదాకా ఆ మూట ముడి విప్పలేదుట.

“విప్పితే ఏమున్నాయే?” అన్నాను.

“అరిసెలు. నాలుగు. మీ తాతకి మూడెట్టాను.”