తుప్పు కాదు, రాత

మొన్న రాజుపాలెంలో ఓ గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో సోఫా పైన నాలుగు రేకు బోర్డులు తగిలించారు. అన్నీ అమెరికా పెట్రోలు బంకుల పేర్లు, కూల్‌డ్రింకుల పేర్లు. దగ్గరికెళ్లి వేలితో రాస్తే గరుకు తగల్లేదు. తుప్పు కూడా అచ్చు వేసిందే! బట్టలకు, బంగారానికి పేరుమోసిన ప్రొద్దుటూరును పక్కన పెట్టుకుని అబద్ధపు తుప్పు కొనుక్కోవాలా అని ప్రాణం ఉసూరుమంది.

 

అసలైన పాత బోర్డులు కావాలంటే దొరుకుతాయి. తమిళనాడులో కారైకుడి పాత సామాన్ల అంగళ్లకు వెళ్తే ఎనామిల్ బోర్డులు కనిపిస్తాయి. ఇనుప రేకు మీద గాజుపొడి పూత వేసి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కాల్చి చేసినవి కాబట్టి వాటి రంగు ఎండకూ వానకూ లొంగదు. దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు లేస్తుంది. స్క్రూ కింద రబ్బరు వాషరు వేసి, మరీ బిగించకుండా తగిలించాలి. మన వైపు చేతిరాత బోర్డుల సంగతి వేరు. కిరోసిన్‌తో తుడిస్తే అక్షరాలే ఊడి రావచ్చు. బోర్డు మీద కడప పేరు ఇంగ్లీషులో ‘సీ’తో మొదలైతే, అది 2005కు ముందు రాసిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

చిన్నప్పుడు ప్రొద్దుటూరులో ఓ జౌళి అంగడి ముందు బోర్డు రాస్తుంటే గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ని. రేకుకు రెడాక్సైడ్ పూసి, ఆరాక పసుపు రంగు వేసేవాడు పెయింటరు. సుద్దపొడి అద్దిన దారాన్ని అటూ ఇటూ బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే టప్పున సన్నటి గీత పడేది. ఎడమ చేతిలో గుడ్డ చుట్టిన కర్ర, దాని మీద ఆనించిన కుడి మణికట్టు. “ఎలుతురుకు అడ్డం రావద్దబ్బీ” అనేవాడు, తల తిప్పకుండానే. ఇంగ్లీషు పెద్దక్షరాలకు రెండు గీతలు చాలు. తెలుగుకు అవి చాలవు. పైన గుడి, కింద ఒత్తు, వాటికి జాగా ముందే వదలాలి. ‘వస్త్రాలయం’లో స కింద త ఒత్తు, దాని పక్కనే క్రావడి. ఆ రెండూ అంచు దాటకుండా, పక్క అక్షరాన్ని తాకకుండా కుదిరేదాకా సుద్దతో రాసి తుడిచి, రాసి తుడిచి, అప్పుడు కుంచె ముంచేవాడు. నీడ గీత అన్ని అక్షరాలకూ ఒకే పక్కన పడేది. ఎక్కడా తప్పేది కాదు.

పాత ఇనుము అంగళ్లు గాలించండి, తూకానికి పోయే బోర్డులు తెచ్చి గోడకెక్కించండి అని చెబుదామనే ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ మణికట్టు గుర్తొచ్చాక ఆ మాట చెప్పబుద్ధి కావడం లేదు. పాత బోర్డుకు మనం పోసే డబ్బులో రాసిన చేతికి పైసా చేరదు. రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. లారీల మీద, ట్రాక్టర్ ట్రాలీల మీద, బడి గోడల మీద రాసుకుంటూ బతుకుతున్నారు. వాళ్లను ఇంటికి పిలవండి. ఇంటి పేరో, తాతగారు నడిపిన అంగడి పేరో కొత్త రేకు మీద రాయించుకోండి. బేరమాడకండి. ఫ్లెక్సీ రేటుతో అసలు పోల్చకండి.

వరండాలో పెట్టేటట్టయితే పడమటి ఎండ తగలని గోడ చూసుకోండి. ఎరుపు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది.