మత్తు వేరు, గమ్మత్తు వేరు

కథలో ఒక్కొక్కప్పుడు చిన్న మాటే రచయిత దృక్పథాన్ని బయటపెడుతుంది. "మత్తు", "గమ్మత్తు" అలాంటి మాటలు. చెవికి రెండూ ఒక తల్లి బిడ్డల్లాగే వినిపిస్తాయి. కానీ వాటి పుట్టుకలో పొత్తు లేదు. మత్తు సంస్కృతంలోని "మత్త" శబ్దానికి చుట్టం. గమ్మత్తు మరాఠీలో వేడుకకు, సరదాకు వాడే "గమ్మత్" అనే మాటకు చుట్టం.

నిఘంటువు కంటే క్రియాపదాలు ఈ తేడాను బాగా చెబుతాయి. మత్తు ఎక్కుతుంది, దిగుతుంది, వదులుతుంది. గమ్మత్తు ఎక్కదు, దిగదు. దాన్ని చేస్తాం, చూస్తాం, పదిమందికీ చెప్పుకుంటాం. మత్తులో మనిషి ఉంటాడు. గమ్మత్తులో ఎవరూ ఉండరు. నిద్రమత్తు, మత్తుమందు అన్నప్పుడు తెలివి తప్పడమే ప్రధానం. గమ్మత్తుకు తెలివి మేలుకుని ఉండాలి, పక్కన మరో మనిషి ఉండాలి. ఈ రెంటికీ నడుమ "కైపు" ఉంది. అది సారాతోనూ ఎక్కుతుంది, గెలుపుతోనూ ఎక్కుతుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన "కిక్కు" ఇప్పుడు ఆ చోటునే ఆక్రమించింది.

ఇదంతా భాషాశాస్త్రం కోసం చెప్పడం లేదు. నెల్లూరు తీరంలోని పట్టపుపాలేల గురించి రాసేటప్పుడు మనవాళ్లు తరచు ఒక పొరపాటు చేస్తున్నారు. వేట నుంచి వచ్చినవాడు తాగి తూలుతాడు, మాట తడబడుతుంది, ఇసుకలో పడతాడు. రచయిత దాన్ని గమ్మత్తుగా వర్ణిస్తాడు. గమ్మత్తు ఎవరికి? ఒడ్డున నిలబడి చూసేవాడికి. చేపల గంప దించి, అమ్మిన డబ్బు ఎక్కడ దాచాలా అని వెతుక్కునే భార్యకు అది మత్తే. ఒకరి మత్తు మరొకరికి గమ్మత్తు అయిన చోట రచయిత ఎవరి పక్కన నిలబడ్డాడో తెలిసిపోతుంది.

తాగుడు సన్నివేశంలో నవ్వు ఉండకూడదని కాదు. "కన్యాశుల్కం"లో గురజాడ సారాదుకాణం రంగం పెట్టాడు. మనం నవ్వుతాం. అయితే ఆ నవ్వు తూలే కాళ్ల మీద లేదు. సారా ముందు పెట్టుకుని వేదాంతం పలికే బైరాగి బూటకం మీద ఉంది. మత్తును చూపించి, దాని చాటున ఉన్న మోసాన్ని గమ్మత్తు చేశాడు. మనం నేర్చుకోవలసింది ఆ గురి.

తీరానికి పడమరగా, కలిగిరి ప్రాంతంలోని దూబగుంట ఈ తేడాను సాహిత్యం కంటే ముందే గ్రహించింది. 1991లో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా కార్యక్రమంలో స్త్రీలు "సీతమ్మ కథ" చదివారు. 1992 నాటికి సారా దుకాణాలు మూయించే ఉద్యమం జిల్లా అంతటా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. 1980లలో ప్రభుత్వం సారా పంపిణీకి పెట్టుకున్న పేరు "వారుణి వాహిని". పాలసముద్రంలో పుట్టిన మద్యదేవత పేరు కూలివాడి పొట్లానికి తగిలించారు. మత్తుకు సంస్కృతం తొడిగి గమ్మత్తు చేయడమంటే ఇదే. అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఆ తొడుగును విప్పేశారు.

మన అభ్యుదయ రచయితలు చేసే రెండో తప్పు కూడా చెప్పుకోవాలి. శ్రమజీవి జీవితంలో మత్తే తప్ప గమ్మత్తు లేదన్నట్టు రాస్తున్నారు. వల నిండిన రోజు తెప్ప లాగుతూ ఒకరినొకరు ఆటపట్టించుకునే మనుషులకు చుక్క సారా అక్కర్లేదు. ఆ నవ్వు వాళ్ల సొంతం. దాన్ని కథలోంచి తీసేస్తే వాళ్లకు తాగుడు తప్ప వేరే సంతోషం లేదన్న సారా కాంట్రాక్టరు మాటనే మనమూ ఒప్పుకున్నట్టవుతుంది.

కాబట్టి కథ రాసే మిత్రులు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ సన్నివేశంలో నవ్వేవాళ్లెవరు, ఆ నవ్వుకు ఖరీదు కట్టేవాళ్లెవరు? ఆ ఇద్దరూ ఒకరే అయితే అది గమ్మత్తు. వేరైతే మత్తు. దానికి వేరే పేరు పెట్టే హక్కు రచయితకు లేదు.