బ్రేకు ప్యాడ్లు ఎంచెడి నేర్పు

వారంటీ గడువు తీఱిన మెర్సిడెస్ యొకటి హైదరాబాదులోని చిన్న గ్యారేజీకి వచ్చినప్పుడు, పని తెలిసిన మెకానిక్కు ధర ముచ్చట యెత్తకమునుపే చక్రము విప్పి, డిస్కుపై ముద్రించియున్న కనిష్ఠప్రమాణముతో దాని మందమును మైక్రోమీటరుతో సరిచూచి, అరుగుదలను సూచించు సెన్సరు తీఁగను పరీక్షించి, ఆ పిమ్మటనే కొత్త ప్యాడ్ల ప్రసక్తి తెచ్చును. సిరామిక్ రకము చప్పుడు చేయదు, అల్లాయ్ చక్రములపై నల్లని పొడియు తక్కువ. సెమీ మెటాలిక్ రకము వేఁడిమి కోర్చును గాని ధూళి హెచ్చు. శ్రీశైలము ఘాటు తఱచుగా దిగువారికి నొకటి, బంజారాహిల్స్ ట్రాఫిక్కులో మెల్లఁగఁ బ్రాఁకువారికి వేఱొకటి యని నిర్ణయించు వివేచనయే వాని విద్య. పెట్టెపై మెఱయు పేరుతో వాఁడు తృప్తి పడఁడు. ప్యాడు వెనుకనున్న ఐరోపా ఆర్-90 ముద్రను వెదకును. ఒరిజినల్ ప్యాడు పనితీరుతోఁ బోల్చినచో తేడా నూటికి 15 పాళ్లు మించరాదనునది ఆ నిబంధన. కార్ల కంపెనీలకే సరఫరా చేయు టెక్స్టార్ వంటివారి సరకు వేఱు పెట్టెలో చౌకగా దొరకుననియు వాఁ డెఱుఁగును. ఒక ఇరుసున రెండువైపులను మార్చనిదే కారు ఇయ్యననువాఁడు దొరికినచో, అయ్యా, వాని కూలి దగ్గఱ బేరమాడకుఁడు.