వల్లెవేసే వర్గు, వెతుక్కునే అకారాది

అకారాది క్రమం లేదు కనుక అమరకోశాన్ని నిఘంటువుకు తొలి ముడిరూపంగా భావించడం అన్యాయం. అది పుస్తకం దగ్గర లేనివాడికోసం, కంఠస్థం చేసేవాడికోసం కట్టిన గ్రంథం. అమరసింహుడు దానికి పెట్టిన పేరు నామలింగానుశాసనం, అంటే నామాలనూ వాటి లింగాలనూ బోధించే శాస్త్రం. మూడు కాండలలో, ప్రధానంగా అనుష్టుప్ శ్లోకాలలో, స్వర్గం, భూమి, పురం, వనౌషధులు అంటూ వర్గాలవారీగా, అంటే విషయాన్నిబట్టి కూర్చిన పదసముదాయాలుగా అది నడుస్తుంది.

ఇందులోని అసలు నేర్పు పొదుపులో ఉంది. పదం లింగాన్ని చాలాచోట్ల దాని రూపమే చెబుతుంది. రూపం చాలకపోతే పక్కనున్న పదం చెబుతుంది. అదీ కుదరనప్పుడే కవి విడిగా చెబుతాడు, మూడు లింగాలలోనూ చెల్లే పదమైతే ‘త్రిషు’ అని ఒక్కమాట వేసి ఊరుకుంటాడు. ఒక అర్థానికి చెందిన పర్యాయపదాలు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి, ‘తు’ చివర ఉన్న పదమూ ‘అథ’తో మొదలయ్యే పదమూ ముందువాటితో కలవవని ఆరంభంలోనే నియమం చేశాడు. పాదపూరణకు వేసినట్టు కనిపించే ఈ చిన్న మాటలే ఆ గ్రంథానికి పొలిమేర రాళ్లు.

తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం ఈ పద్ధతినే పద్యాలలోకి తెచ్చి, దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా తెలుగు మాటలను కూర్చింది. అందులో చేరని పదాలకు అడిదము సూరకవి ఆంధ్రనామశేషం చోటిచ్చింది. ఛందస్సు జ్ఞాపకానికి ఊతమిచ్చింది గాని, ఎదురైన మాట ఏ వర్గులోదో ముందే తెలియనివాడికి దారి చూపలేదు.

ఆ లోటును తీర్చినవాడు మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య. 1806 నాటికి ఆయన సిద్ధం చేసిన ఆంధ్రదీపిక తెలుగు పదాలను అకారాదిగా పేర్చింది. 1821లో వెలువడిన క్యాంబెల్ నిఘంటువుకు అదే ఆధారమైంది. అకారాది అనగానే అంతా తేలిక అనుకోరాదు: సున్నను అచ్చుల తరువాత ఉంచాలా, తరువాతి హల్లుకు తగిన అనునాసికంగా లెక్కించాలా, అరసున్ననూ బండి ‘ఱ’నూ ఎలా పరిగణించాలి అన్న ప్రశ్నలకు కూర్పరి ముందుగానే జవాబు చెప్పుకోవాలి.

ఈ క్రమానికి మరో ఇరకాటం ఉంది: పని నడుమ ఆగితే తరువాతి అక్షరాలన్నీ అందకుండా పోతాయి. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ‘అ’ దాటకముందే 1923లో ఆయన కన్నుమూశారు. తరువాత తెలుగు భాషాసమితి తన విజ్ఞాన సర్వస్వానికి ఒక్కో సంపుటాన్ని ఒక్కో శాస్త్రానికో విషయానికో కేటాయించి, పేరు ఎత్తకుండానే పాత వర్గు పద్ధతికి మళ్లింది. అందువల్ల తెలుగు సంస్కృతి సంపుటం కావలసినవారికి మిగిలినవి వెలువడేదాకా ఆగవలసిన అవసరం లేకపోయింది.