గురు సంచారము - గోదావరి వరదలు

గ్రహముల సంచారమును బట్టి రాబోవు కాలమును చెప్పు పద్ధతి మన దేశమున చిరకాలముగా నున్నది. ఉగాదినాడు దేవాలయములలో పంచాంగ శ్రవణము జరుగును. ఆ సంవత్సరమున వానలు ఎట్లు కురియును, పంటలు ఎట్లు పండును, ధరలు ఎట్లుండును అను విషయములను సిద్ధాంతిగారు చదివి వినిపింతురు. ఖమ్మము దాటి భద్రాచలము వైపు అడవి అంచున నున్న గ్రామములలో ఈ మాటలకు విలువ ఎక్కువ. ఒకవైపు గోదావరి, మిగిలిన వైపుల అడవి గల ఆ ప్రాంతమున వాన తగ్గినచో పైరు ఎండును. మించినచో ఊరే మునుగును. కనుక వానను ముందుగా చెప్పగలనను విద్య ఏదైనను, దానిని పరీక్షించి స్వీకరించుట అచ్చటి వారికి వినోదము కాదు, అవసరము.

ఈ పరీక్షకు భద్రాచలమే తగిన స్థలము. ఏలయన, గ్రహగతియు నదీగతియు రెండును అచ్చట లెక్కకు దొరకును. గురుగ్రహము సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరములు వచ్చును. అదే గోదావరి నీటిమట్టమును భద్రాచలము వద్ద అడుగులలో కొలిచి నమోదు చేయుచున్నారు. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, జ్యోతిషములో నిలుచునది ఏది, నిలువనిది ఏది అను సంగతి తేలికగా బోధపడును.

లెక్క తప్పలేదు

గురుగ్రహము సూర్యుని ఒకసారి చుట్టి వచ్చుటకు సుమారు 4,332.6 రోజులు, అనగా 11.86 సంవత్సరములు పట్టును. రాశులు పండ్రెండు గనుక ఒక్కొక్క రాశిని దాటుటకు సగటున 361 రోజులు. ఇందువలననే పండ్రెండేండ్లకు ఒకసారి పుష్కరము అను వాడుక వచ్చినది. నిజమునకు గురుని చుట్టు పండ్రెండేండ్లకంటె 50 రోజులు తక్కువ. భూమికూడ కదలుచుండుటచేత గురుడు కొంతకాలము వెనుకకు నడచినట్లు కనబడును. కనుక ఈ తేడా ప్రతిసారి సమముగా నుండదు. గోదావరి పుష్కరములు 2003లో జులై 30న ఆరంభమైనవి. 2015లో జులై 14ననే ఆరంభమైనవి. ఈ తేడాలన్నియు కూడి సుమారు 85 ఏండ్లకు ఒక పూర్తి సంవత్సరమగును. హరిద్వారములో 2010 తరువాతి కుంభమేళా పండ్రెండవ ఏట గాక పదునొకండవ ఏటనే, 2021లో జరుగుటకు కారణమిదియే.

ఇందులో మోసమేమియు లేదు. గురుడు ఏనాడు ఏ రాశిలో నుండునో ఎన్ని ఏండ్ల ముందైనను చెప్పవచ్చును. ఇది గణితభాగము. దీనికి గల గొప్ప గుణము, అది తన తప్పును దిద్దుకొనుట. సూర్యసిద్ధాంతము ప్రకారము సంవత్సర ప్రమాణము 365.258756 రోజులు. నేటి కొలతల ప్రకారము నాక్షత్ర సంవత్సరము 365.256363 రోజులు. భేదము మూడున్నర నిమిషములకంటె తక్కువ. అయినను దానిని గూడ మన గణకులు ఉపేక్షింపలేదు. ఆకాశమును చూచి లెక్కను సరిచేయు దృక్సిద్ధ పంచాంగములు అందువలననే పుట్టినవి. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ పనినే దేశమంతటికి చేసినది. 1846లో లెవెర్రియే అను ఫ్రెంచి గణితజ్ఞుడు యురేనస్ గమనములోని చిన్న తేడానుబట్టి మరియొక గ్రహము ఎచ్చట నుండవలెనో లెక్కగట్టెను. బెర్లినులో గాలే దూరదర్శిని త్రిప్పి చూడగా, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపుననే నెప్ట్యూన్ కనబడెను. గ్రహచక్రముల నుండి భవిష్యత్తును చెప్పుట అనగా ఇది.

ఫలభాగము కథ వేరు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో గణితమును చెప్పెను; బృహత్సంహితలో గురుచార ఫలములను చెప్పెను. మొదటి దానిలోని అంకెలను తరువాతి వారు ఎన్నిసార్లో దిద్దిరి. రెండవ దానిలోని ఫలములను మాత్రము, ఇన్ని సంవత్సరముల వానలతో సరిచూచి, ఇది నిలిచినది, ఇది నిలువలేదు అని ఎవరును విడదీయలేదు. ఒకే గ్రంథకర్త, ఒకే గ్రహము, ఒకే పంచాంగము కావుటచేత గణితమునకు గల గౌరవము ఫలమునకు కూడ అంటుకొనినది. పుష్కర తేదీ సరిపోయినది గనుక వర్షఫలము కూడ సరిపోవునని సామాన్యుడు తలచుటలో వింత లేదు.

అరువది పేర్లు

ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరువది సంవత్సరముల చక్రము కూడ గ్రహగతి నుండి వచ్చినదే. గురుడు అయిదు చుట్లు తిరుగుటకు 59.3 సంవత్సరములు, శని రెండు చుట్లు తిరుగుటకు 58.9 సంవత్సరములు పట్టును. రెండును అరువదికి దగ్గర. గురుడు ఒక రాశిలో నుండు కాలమును ఒక సంవత్సరముగా తీసికొనినచో 85 సౌరసంవత్సరములకు 86 గురుసంవత్సరములు వచ్చును. ఉత్తర దేశమున ఈ తేడాకొరకు అప్పుడప్పుడు ఒక పేరును విడిచిపెట్టుదురు. దక్షిణమున ఎన్నో శతాబ్దములుగా విడుచుట మానివేసిరి. అందువలన ఒకే సంవత్సరమునకు ఉత్తరమున ఒక పేరు, తెలుగునాట మరియొక పేరు వాడుకలో నున్నవి. రెంటికిని నడుమ ఎడము పదికి మించినది.

పేరు కాలమును గుర్తించుటకు మాత్రమే అయినచో ఈ భేదము వలన చిక్కులేదు. పేరులోనే ఫలము ఉన్నదనినచో, ఒకే వాన ఏ పేరును అనుసరించి కురియవలెను?

వర్షమును చెప్పు మేఘాధిపతి నిర్ణయము ఇంకను సులభము. సూర్యుడు ఆర్ద్రా నక్షత్రములో ప్రవేశించిన రోజు ఏ వారమో, ఆ వారాధిపతియే మేఘాధిపతి. 2022లో ఆ ప్రవేశము జూన్ 22, బుధవారము. కనుక మేఘాధిపతి బుధుడు. వారములు ఏడే గనుక ఫలములును ఏడే. బుధగ్రహము ఆనాడు ఎచ్చట నున్నదో చూడవలసిన పని కూడ లేదు. అనగా గ్రహము పేరు చెప్పుచున్నను, ఇచ్చట లెక్కకు వచ్చునది వారము పేరు మాత్రమే.

గోదావరి సాక్ష్యము

భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింతురు. ఇటీవలి దశాబ్దములలో మట్టము 70 అడుగులను దాటిన వరదలు మూడు: 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు.

ఈ మూడు సమయములలో గురుడెచ్చట నున్నాడు? 1986లో కుంభమున, 1990లో కర్కాటకమున, 2022లో మీనమున. శని క్రమముగా వృశ్చికమున, ధనుస్సున, మకరమున నుండెను. మూడింటికి ఉమ్మడియైన రాశి ఒక్కటియు లేదు. రెండు వరదల నడుమ కాలము మొదట నాలుగేండ్లు, తరువాత ముప్పదిరెండేండ్లు. ఇది గురుని చుట్టుకు గాని, శని చుట్టుకు గాని కుదురదు. తెలుగు సంవత్సరముల పేర్లను చూచినచో మొదటిది అక్షయ, రెండవది ప్రమోదూత, మూడవది శుభకృత్తు. క్షయము లేనిది, సంతోషము నిచ్చునది, శుభము చేయునది అని అర్థములు గల సంవత్సరములలోనే గ్రామములు మునిగినవి.

గోదావరికి ప్రత్యేకమైన సింహగురుని సంగతి చూతము. గురుడు సింహమున ప్రవేశించిన 2003లో దేశమున నైరుతి వర్షపాతము సగటునకు దగ్గరగా నుండెను. మరల అదే రాశిలో ప్రవేశించిన 2015లో దేశము మొత్తముమీద సగటుకంటె 14 శాతము తగ్గెను. అది పసిఫిక్ సముద్ర జలము వేడెక్కు ఎల్‌నినో సంవత్సరము. రాశి ఒకటే, వాన ఒకటి కాదు.

గురుని ఒక్కనినే చూడరాదు, తొమ్మిది గ్రహములను కలిపి చూడవలెనని జ్యోతిష్కులు సమాధానము చెప్పుదురు. ఈ సమాధానమును గౌరవముగనే పరిశీలింపవలెను. తొమ్మిది గ్రహములు పండ్రెండు రాశులలో నుండు అమరికలు లెక్కకు మించినవి. ఒక అమరిక మరల యథాతథముగా వచ్చుటకు మనుష్యుల తరములు ఎన్నో చాలవు. మరల రాని అమరికకు ఫలమేమో అనుభవమున తెలియుట ఎట్లు? కొన్ని గ్రహములనే చూచినచో పై వరదలు నియమమును కాదనుచున్నవి. అన్నింటిని చూచినచో నియమము పుట్టుటకే అవకాశము లేదు. అదిగాక 1986 ఆగస్టులో భద్రాచలమునకు గురుడు ఎచ్చట నుండెనో, అనంతపురమునకును అచ్చటనే యుండెను.

కార్తెలు ఎందుకు నిలిచినవి

అయినచో రైతులు తరతరములుగా నమ్ముచున్న కార్తెలు కూడ వట్టివేనా? కావు. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతమున, ఆర్ద్ర కార్తె జూన్ 22 ప్రాంతమున వచ్చును. కార్తె అనగా సూర్యుడు ఆ నక్షత్రమున నుండు కాలము. ఋతువులకు కారణము సూర్యుని వేడి భూమిపై పడు తీరు. కాబట్టి సూర్యుని స్థానము చెప్పినచో ఋతువును చెప్పినట్లే. నక్షత్రము వాన కురిపింపదు. అది క్యాలెండరులో తేదీ వంటిది. ఈ తేదీ కూడ మెల్లగా జరుగుచున్నది. పంచాంగ సంవత్సరము ఋతు సంవత్సరముకంటె సుమారు 24 నిమిషములు ఎక్కువ గనుక 1,400 ఏండ్లలో 23 రోజుల తేడా వచ్చినదని సాహా సంఘము చూపినది.

సూర్యునికి ఋతువులతోను, చంద్రునికి సముద్రపు పోటుతోను గల సంబంధము కొలువదగినది. అదే విధముగా గురుని ప్రభావము నేల కొలువరాదు? కొలువవచ్చును. గురుడు భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చినప్పుడుకూడ అతడు కలిగింపగల పోటుశక్తి చంద్రుని శక్తిలో సుమారు 1,70,000వ వంతు మాత్రమే. సూర్యచంద్రుల విషయమున నిజమైన దానిని కొలువక గురుశనులకు కూడ పొడిగించుటయే ఈ శాస్త్రమునందలి మూలదోషము.

తప్పని జోస్యము

1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వరకు రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, కేతువు మకరరాశిలో కూడిరి. ప్రళయము వచ్చునని పలువురు చెప్పిరి. దేశమంతట శాంతులు, యాగములు జరిగెను. ప్రళయము రాలేదు. అప్పుడు యాగములవలన తప్పినదనిరి. అదే సంవత్సరము అక్టోబరులో చైనాతో యుద్ధము రాగా, ఫలము ఆలస్యముగా వచ్చినదనిరి. జరిగినను సరియే, జరుగకున్నను సరియే అగు మాటకు పరీక్ష లేదు. పరీక్ష లేనిదానికి శాస్త్రమను పేరు చెల్లదు.

పరీక్షకు నిలిచిన సందర్భము ఒకటి కలదు. 2008లో జయంత్ నార్లికర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో 27 మంది జ్యోతిష్కులకు తలకు 40 జాతకముల చొప్పున ఇచ్చి, వానిలో చురుకైన విద్యార్థులవి ఏవో, బుద్ధిమాంద్యము గల పిల్లలవి ఏవో చెప్పుడనిరి. నాణెము ఎగురవేసినను సగము సరిపోవును. జ్యోతిష్కుల సగటు సగముకంటె కొంచెము తక్కువగనే తేలినది.

వరదను ముందుగా తెలిసికొనుట

వరదను ముందుగా చెప్పుట అసాధ్యము కాదు. బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడి లోపలికి కదలును. ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహములలో వాన కురియును. ఆ నీరు గోదావరిలో చేరి భద్రాచలము చేరుటకు కొంత వ్యవధి పట్టును. కేంద్ర జలసంఘము ఎగువన పేరూరు మొదలగు చోట్ల మట్టము కొలిచి, దిగువకు ఎంత వచ్చునో గంటల ముందుగా తెలుపును. ఈ అంచనా కూడ అప్పుడప్పుడు తప్పును. కాని ఎన్ని అడుగులు తప్పినదో మరునాటికి తెలియును. తెలిసిన తప్పు తరువాతి లెక్కను దిద్దును. దుమ్ముగూడెము, బూర్గంపాడు మండలముల ఏటియొడ్డు కుటుంబములు పశువులను, ధాన్యమును ఎత్తు ప్రదేశమునకు చేర్చుటకు కావలసినది ఈ గంటలే. మంచి వర్షఫలము విని ధైర్యముగా నుండిపోయినవాడు ఆ గంటలను పోగొట్టుకొనును.

ఉపాధ్యాయులు ఈ విషయమును వాదముగా గాక ప్రయోగముగా విద్యార్థుల ముందుంచవచ్చును. ఉగాదినాడు రెండు మూడు పంచాంగములలోని వర్షఫలమును నోటుపుస్తకమున వ్రాయించి, తేదీ వేసి, పాఠశాలలో భద్రపరుపవలెను. ఏది జరిగినచో ఆ మాట తప్పినట్లో అప్పుడే ప్రక్కన వ్రాయవలెను. ఏడు చీట్లపై ఏడు ఫలములు వ్రాసి, కండ్లు మూసికొని ఒకటి తీసి దానిని కూడ చేర్చవలెను. జూన్ నుండి సెప్టెంబరు వరకు భద్రాచలము మట్టమును, తమ ఊరి వర్షపాతమును పత్రికలనుండి ప్రతిదినము ఎక్కింపవలెను. అక్టోబరులో పుస్తకము విప్పి పంచాంగములు ఎన్ని సరిపోయినవో, చీటి ఎంత సరిపోయినదో లెక్కింపవలెను. ఒక ఏటి ఫలితముతో తృప్తిపడక అయిదారేండ్లు ఇట్లే నడిపినచో, తీర్పు విద్యార్థులే చెప్పగలరు.