బాగేపల్లి, కొడిగెనహళ్ళి

గోరంట్ల బస్టాండులో ఒకే మాట కంటికొక రకంగా, చెవికొక రకంగా తగులుతుంది. రాతలో గుమ్మయ్యగారిపల్లి, మల్లాపల్లి. బస్సెక్కే మనిషి నోట మాత్రం అది పల్లె. "యాడికప్పా?" అంటే "పల్లెకు" అంటాడు. ఊరి పేరు కూడా చెప్పడు, ఆ ఒక్క మాట చాలు. రాతలో ఇకారం నిలవడానికి మన బడి చదువు కొంత కారణం. పల్లి సంస్కృతం, పల్లె దాని వికృతి అని నేర్చుకున్నాం. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. బరో, ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో తమిళ పళ్ళి, కన్నడ హళ్ళి, తెలుగు పల్లె ఒకే పద్దులో కూర్చున్నాయి. సంస్కృతంలోని 'పల్లీ' మన వైపు నుంచి వెళ్ళిన మాటే.

పాలసముద్రం దగ్గర హైవే ఎక్కి దక్షిణానికి పోతే, కర్ణాటకలో మొదట తగిలే పెద్ద ఊరు బాగేపల్లి. హిందూపురం పక్కన పరిగి మండలంలో, ఆంధ్రలోనే, కొడిగెనహళ్ళి ఉంది. గురుకుల పాఠశాల వల్ల రాష్ట్రమంతా తెలిసిన పేరది. కన్నడ రాష్ట్రంలో పల్లి, తెలుగు రాష్ట్రంలో హళ్ళి! ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాట కథ సగం తెలిసిపోతుంది.

పాత కన్నడంలోనూ ఇది పళ్ళియే. సుమారు పదో శతాబ్దం నుంచి కన్నడం మాట మొదట్లోని పకారాన్ని హకారంగా మార్చుకుంటూ వచ్చింది. పాలు హాలయింది, పులి హులి అయింది, పల్లు హల్లయింది. ఆ వరసలోనే పళ్ళి హళ్ళి అయింది. తెలుగు పకారాన్ని కాపాడుకుంది గానీ ళకారాన్ని జారవిడిచింది. వాళ్ళ ముళ్ళు మనకు ముల్లు, వాళ్ళ హళ్ళ మనకు పల్లం. మాట తల మనదగ్గర మిగిలింది, నడుము వాళ్ళదగ్గర మిగిలింది. రెండూ కలిసి ఉన్నది తమిళంలో.

అర్థానికి వస్తే తమిళానిదే పెద్ద ఇల్లు. అక్కడ పళ్ళి అంటే చిన్న ఊరు, పశువుల కాపరుల మకాం, జైన బౌద్ధుల ఆశ్రమం, పడక, బడి కూడా. మలయాళంలో మసీదూ చర్చీ పళ్ళే. తెలుగు, కన్నడాలు ఇంత దూరం పోలేదు, మనుషులుండే చోటు దగ్గరే ఆగాయి. కాపరుల మకాం అన్న అర్థం మాత్రం మన సీమలో ఇంకా సజీవంగా ఉందనిపిస్తుంది. వాన తక్కువైన ఈ మెట్టమీద గొర్రెలు, ఆవులు నిలిచిన చోటల్లా గొల్లపల్లి ఉంది. పుట్టపర్తి పాత పేరు కూడా గొల్లపల్లే అని అక్కడి స్థలకథ.

వాడుకలో మాత్రం హళ్ళి, పల్లె రెండూ ఒకటి కావు. హళ్ళి అంటే కన్నడిగుడికి ఊరు, అంతే. తెలుగు పల్లెలో ఒక చిన్నతనం దాగుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో అచ్చయిన తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టినప్పుడు, పల్లె అంటే ఊరికి అవతల నిలబెట్టిన వాడ. అనంతపురం వైపు ఆ వాడను గేరి అంటారు, కన్నడ కేరికి దగ్గర మాట. ఇక్కడ పల్లె అంటే గేరితో సహా ఊరంతా. నాకు ఈ రెండో వాడుకే ఎక్కువ ఇష్టం. అందులో ఎవరూ బయట లేరు. గుమ్మయ్యగారిపల్లి వంటి పేర్లలోని 'గారి' కూడా, మొదట గుడిసె వేసిన మనిషికి ఇచ్చిన గౌరవంలాగే నాకు వినిపిస్తుంది.

2025 జులైలో కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. తెలుగువాడికి ఆ పేరుతో హైదరాబాదు గుర్తొస్తుంది. అది పక్కన పెడదాం. 'పల్లి' తెలుగు వాసన కొడుతుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు నేను చూపించేది తెలుగు పుస్తకం కాదు, హకారం రాకముందు చెక్కిన కన్నడ శాసనాలు. బాగేపల్లి అన్న ఊరి బోర్డు మీద ఇన్నాళ్ళూ నిలిచి ఉన్నది వాళ్ళ తాతల పకారం.