ఆంహెల్ కొరేయా: సొంతగడ్డపై బాలే బృందం

స్పెయిన్ బాలే నర్తకుడు ఆంహెల్ కొరేయా 1975లో మాడ్రిడ్‌లో జన్మించారు. 1995లో న్యూయార్క్‌లోని అమెరికన్ బాలే థియేటర్‌లో చేరి, మరుసటి ఏడాదికే ప్రధాన నర్తకుడయ్యారు. సుడిగాలిలా తిరిగే వేగం, అలవోకగా గాలిలోకి లేచే తేలికదనం, ముఖంలో చెదరని ఉల్లాసం ఆయన కళకు ఆభరణాలు.

అప్పటి స్పెయిన్‌లో శాస్త్రీయ బాలేకు నిలకడైన ఆసరా లేదు. జాతీయ నృత్య బృందం 1990 నుంచి నాచో దువాతో సారథ్యంలో ఆధునిక నృత్యం వైపు మళ్లింది. తమారా రోహో వంటి ప్రతిభావంతులు విదేశాల్లోనే పేరు తెచ్చుకున్నారు. ఆ లోటు తీర్చేందుకు సెగోవియా దగ్గరి లా గ్రాంహా కేంద్రంగా కొరేయా స్థాపించిన బృందం 2008లో రంగస్థలమెక్కింది.

ఆ ఏడాదే మాడ్రిడ్‌లోని టియాట్రో రియల్‌లో ‘లా బయదేర్’ను ప్రదర్శించింది. మారియుస్ పెటిపా 1877లో రూపొందించిన ఈ ఆలయ నర్తకి కథలో రాజు గోల్కొండ ప్రభువు. ఇందులోని ఛాయాలోక దృశ్యంలో తెల్లని దుస్తుల్లో నర్తకీమణులు వాలు మీదుగా ఒకరి వెనుక ఒకరు దిగుతారు. ఒంటికాలిపై నిలిచి, రెండో కాలు వెనక్కి చాచే ఒకే భంగిమను పదేపదే పడతారు. ఒక్కరు తడబడినా వరుస చెదురుతుంది. ఎంతటి తారైనా ఒక్కడే పండించలేని దృశ్యమిది. రోజూ ఉదయం కడ్డీ పట్టుకొని కలిసి సాధన చేసే బృందానికే అది సాధ్యం.

2012లో బార్సిలోనా బాలేగా మారిన ఈ సంస్థ ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది. 2014లో కొరేయా ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా బాలే సారథ్యం స్వీకరించారు. బృందం నిలవకపోయినా, స్పెయిన్ యువ నర్తకులకు సొంతగడ్డపైనే శాస్త్రీయ బాలే ఆడే అవకాశమిచ్చిన ఘనత దానికి దక్కుతుంది.